ఫీడర్‌కు పావురాలు తప్ప ఏవీ రావడం లేదా? చలికాలపు పెరట్లో పిట్టల కోసం నేను చేసేవి

నమస్కారం అండీ. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హైదరాబాద్ శివార్లలో 150 గజాల్లో ఇల్లు కట్టుకున్నారు. వెనక పన్నెండు అడుగుల వెడల్పున కాస్త జాగా ఉంది. చలికాలం పొద్దున్నే టీ తాగుతూ పిట్టల్ని చూస్తూ కూర్చోవాలని మీ అమ్మగారికి కోరిక. వీడియోలు చూసి వేలాడే ఫీడర్ కొన్నారు, జొన్నలూ నూకలూ పోశారు. రెండు నెలలైనా పావురాలు తప్ప ఇంకేవీ రాలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పమన్నారు.

సూటిగా చెబుతాను. ఫీడర్ తీసేయండి. నేల మీద లోతులేని మూకుడులో నీళ్లు పెట్టండి. గోడ పక్కన ఒక మూలకు కత్తెర తగలనివ్వకండి. రాలిన ఆకుల్ని ఊడ్చి పారేయకండి. ఇవి చేసి మూడు వారాలు ఆగండి. మీరు ఇప్పుడు డిసెంబర్ మొదట్లో అడుగుతున్నారు కాబట్టి కాలం మించిపోలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా మీకు రెండు నెలలకు పైనే ఉంది.

నేను జీవశాస్త్రం టీచర్‌గా పని చేసి రిటైరయ్యాను. హనుమకొండలో మా ఇంటి పెరడు మీదానికంటే కొంచెం పెద్దది, అంతే. పదమూడేళ్లుగా ఏ రోజు ఏ పిట్ట కనిపించిందో నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి 47 రకాలు లెక్కకు వచ్చాయి. వాటిలో గింజలు తినడానికి వచ్చినవి నాలుగైదు రకాలే. మిగతావన్నీ పురుగుల కోసం, పూల తేనె కోసం, పండ్ల కోసం, నీళ్ల కోసం, దాక్కునే చోటు కోసం వచ్చినవి. మీ ఫీడర్ ఎందుకు పని చేయలేదో ఇందులోనే ఉంది.

ఆ వీడియోలు చాలావరకు మంచు కురిసే దేశాల వాళ్లవి. మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. జనవరిలో వాళ్ల పెరడంతా మంచు కప్పేస్తుంది, పురుగన్నది కనపడదు. అప్పుడు నల్ల పొద్దుతిరుగుడు గింజలు పెడితే ఎర్రటి కార్డినల్ పక్షులు, చికడీలు వచ్చి తింటాయి. అక్కడ అది నిజంగా వాటికి ఆసరా. మన దగ్గర అలా కాదు. వానలు వెనక్కి తగ్గాక మొక్కలు పచ్చగా ఉంటాయి, ఆకు ఆకుకీ ఏదో ఒక పురుగు ఉంటుంది, చేలల్లో కోతలు సాగుతుంటాయి. మన పిట్టలకు చలికాలం కరువు కాలం కాదు. అసలు హిమాలయాల నుంచీ సైబీరియా నుంచీ చిన్న చిన్న పిట్టలు ఇంత దూరం ఎగిరి వచ్చేది ఇక్కడి తిండి కోసమే. అవి జొన్నలు తినవు. గిన్నె నిండా గింజలు పోస్తే ఊళ్లో ఎలాగూ తిండికి లోటులేని పావురాలు వాలతాయి. అవి గుంపుగా ఉన్నచోట చిన్న పిట్టలు దిగవు. పైగా పావురాల రెట్ట ఎండి పొడై గాలిలో కలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది కూడా మనసులో పెట్టుకోండి.

గింజలు పెట్టాలన్న కోరిక బలంగా ఉంటే దానికి మన పెద్దవాళ్లు ఎప్పుడో దారి చూపించారు. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక వరికంకుల్ని అందంగా అల్లి కుచ్చులుగా వసారాలో, గుళ్లలో వేలాడదీస్తారు. పిచ్చుకలు, జీనువాయిలనే చిన్న పిట్టలు కంకిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలుచుకు తింటాయి. పావురం అలా వేలాడలేదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. సంక్రాంతి ముందు ఇవి హైదరాబాద్ బజార్లలో కూడా అమ్ముతారు. ఒకటి కొని వాన తడవని చోట, పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో కట్టండి. బూజు పడితే తీసేయండి. మీ కాలనీలో పిచ్చుకలే లేకపోతే కుచ్చు ఉత్తదే మిగలొచ్చు, అందుకు నిరాశపడకండి.

ఇక నీళ్ల సంగతి. నా పెరట్లో అన్నిటికంటే ఎక్కువ పిట్టల్ని రప్పించింది నలభై రూపాయల మట్టి మూకుడు. అడుగున్నర వెడల్పు, నడిమధ్యలో రెండంగుళాలకు మించని లోతు. లోతు ఎక్కువైతే చిన్న పిట్టలు దిగవు. నున్నటి పింగాణీ, స్టీలు గిన్నెల్లో కాలు జారుతుంది, గరుకు మట్టిదే మేలు. మధ్యలో చదునైన రాయి ఒకటి పెట్టండి, నీళ్ల పైకి తేలేటట్టు. పిట్ట ముందు రాయి మీద వాలి, నాలుగు దిక్కులూ చూసుకుని, తర్వాత నీళ్లలోకి దిగుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది మూకుడు కంటే ముఖ్యం. పొదకు మరీ ఆనించి పెడితే పిల్లి అందులో పొంచి ఉంటుంది. మరీ బయలులో పెడితే డేగ భయంతో పిట్ట దిగదు. పొదకు ఐదారు అడుగుల దూరం నాకు సరిపోయింది. వీలైతే పైన ఒక కొమ్మకు నీళ్ల సీసా కట్టి, మూతకు సూదితో చిల్లు పెట్టి, చుక్క చుక్కగా మూకుడులో పడేలా చేయండి. కదలని నీళ్ల కంటే చుక్కలు పడుతున్న నీళ్లను పిట్టలు తొందరగా పసిగడతాయి. మొదటిసారి నేను ఇలా కట్టిన రోజు మధ్యాహ్నానికే పిగిలిపిట్టల జంట వచ్చింది.

చలికాలంలో పొద్దున్నే ఎవరూ స్నానానికి రారు. మా ఇంట్లో సందడి పది నుంచి పన్నెండు మధ్య, ఎండ మూకుడు మీదికి వచ్చాక. గోరువంక స్నానం చేస్తే మూకుడులో నీళ్లు సగం మిగులుతాయి. తేనెపిట్టకు మూకుడు అక్కర్లేదు, నీళ్లు చల్లిన అరటాకు మీద ఒళ్లు రుద్దుకుంటుంది. అందుకే పదిన్నరకు ఒకసారి మొక్కల మీద పైపుతో సన్నగా చల్లి, వచ్చి కూర్చుంటాను.

ఒక హెచ్చరిక. నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్డు పెట్టి, వారం పది రోజుల్లో దోమై లేస్తుంది. నీళ్లు రోజూ పారబోసి కొత్తవి పోయండి. వారానికి రెండుసార్లు కొబ్బరి పీచుతో అంచుల దాకా గట్టిగా తోమండి, గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి. సబ్బు వద్దు. ఊరికి వెళ్తే మూకుడు బోర్లించి వెళ్లండి.

ఇప్పుడు ఆకుల గురించి. ఇది నేను బాధపడి నేర్చుకున్న విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నేను రాయడం మొదలుపెట్టిన రెండో ఏడు అక్టోబర్‌లో ఒక చిన్న పిట్ట మా జామచెట్టు నీడలో చేరింది. బూడిద గోధుమ రంగు, గొంతు దగ్గర నారింజ మరక, పిచ్చుక కంటే చిన్నది. కొమ్మ మీద కూర్చుని తోకను టక్కున పైకి లేపేది, అప్పుడు తోక రెండు పక్కలా తెల్లగా మెరిసేది. కింద ఆకుల మీద పురుగు కదలగానే జారి పట్టుకుని మళ్లీ కొమ్మ ఎక్కేది. ట్రర్ర్ అని చిన్న గిలక తిప్పినట్టు అరిచేది. దాన్ని ఎర్రగొంతు ఈగపిట్ట అంటాం. దూరాన చలిదేశాల అడవుల్లో పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి మన దగ్గరికి వస్తుంది. మూడు నెలలు ప్రతి పొద్దున అదే కొమ్మ మీద చూశాను. మా ఇంట్లో మనిషిలా అయిపోయింది.

సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని ఇల్లంతా సున్నం వేయించాం. పనిలో పనిగా పెరడు కూడా బాగు చేయించాను. గోరింట కంచెను మోకాలెత్తుకు కత్తిరించారు. జామ కింది కొమ్మలు కొట్టేశారు. ఏడాదిగా పేరుకున్న ఎండుటాకులన్నీ గోనెసంచుల్లో ఎత్తి భోగిమంటలో వేశాం. పెరడు అద్దంలా మెరిసింది, అందరూ మెచ్చుకున్నారు. మరునాటి నుంచి ఆ పిట్ట లేదు. దానికి ఇంకా మూడు నెలల తిండి కావాలి, తిరిగి అంత దూరం ఎగరడానికి ఒంట్లో కొవ్వు పట్టాలి. నేను దాని తిండీ గూడూ ఒక్క పూటలో తీసేశాను. ఆ నెలంతా నోటు పుస్తకంలో ఆ పేరు పక్కన ఖాళీ గడులే ఉన్నాయి.

తర్వాతి ఏడాది నుంచి నవంబర్ మొదలుకొని మార్చి దాకా పెరట్లో కత్తెర ముట్టం, చీపురు నడిచే దారిలోనే. దారి మీద రాలిన ఆకుల్ని కూడా చెట్ల పాదుల్లోకే నెడతాం. నాలుగు వేళ్ల మందాన ఆకులు పరుచుకున్నాక కింద చెమ్మ నిలుస్తుంది, చెదలూ సాలీళ్లూ చిన్న చిన్న పురుగులూ చేరతాయి. సిదలనే పిట్టలు ఏడెనిమిది కలిసి వచ్చి ఆకుల్ని ఒక్కొక్కటిగా తిరగేస్తాయి, ఆ గలగల శబ్దం వంటింట్లోకి వినిపిస్తుంది. పెద్దనల్లంచి అనే పిట్ట వాటి వెనకే తిరుగుతుంది. ఆకులు ఉంటే పాములు వస్తాయేమోనని చాలామంది భయపడతారు. మా అనుభవంలో పాము వచ్చేది ఎలుకల కోసం. ఎలుకలు వచ్చేది చెత్త, మిగిలిన అన్నం, ఒలికిన గింజల కోసం. గింజల గిన్నె తీసేయమనడానికి ఇదొక కారణం. అయినా గుమ్మానికి పది అడుగుల లోపు ఆకులు ఉంచకండి, చీకట్లో ఆ పక్కకు వెళ్లేటప్పుడు టార్చి పట్టుకోండి. భోగికి పిడకలూ పాత కర్రా వేసుకుందాం, ఆకులు మాత్రం చెట్టు కిందే ఉండనివ్వండి.

ఎర్రగొంతు పిట్ట మూడో ఏడు అక్టోబర్ 19న వచ్చింది. అదేనో వేరేదో నేను చెప్పలేను. కానీ కూర్చున్నది అదే జామచెట్టు మీద.

మొక్కల విషయం. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి పన్నెండు అడుగుల జాగాలో చాలా రకాలు ఇరికించకండి. నేనైతే ఇలా వేస్తాను. గోడ మూలన ముళ్లున్నదో గుబురుగా పెరిగేదో ఒకటి, గోరింట లేదా నిమ్మ. పూలకు మందారం రెండు, ఒంటిరేకవి. ముద్దమందారం చూడటానికి బాగుంటుంది, కానీ రేకుల గుబురు తేనెపిట్టకు అడ్డం. నూరువరహాలు ఒకటి. నీడపట్టున కనకాంబరాలు. మునగ వేసే వీలుంటే తప్పకుండా వేయండి, చలికాలం చివర్లో పూతకొచ్చాక తేనెపిట్టలు పొద్దంతా దాన్నే పట్టుకుని ఉంటాయి. మునగ కొమ్మ పెళుసు కాబట్టి కరెంటు తీగలకూ గోడకూ దూరంగా వేయండి. ఇప్పుడు కొనేటప్పుడు చిన్న పిలకలు కాకుండా పెద్ద సంచుల్లో పెరిగిన మొక్కలు కొంటే ఈ ఏడే పూలు చూస్తారు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు హైదరాబాద్‌లో అన్నిచోట్లా దొరుకుతాయి.

చక్కెర నీళ్ల ఫీడర్లు తేనెపిట్టల కోసమని అమ్ముతున్నారు. కొనకండి. నీళ్లు పులుస్తాయి, చీమలు పడతాయి. రెండు మందారాలు వాటికి చాలు.

వచ్చే ఏడాదికి ఒక్క పని గుర్తు పెట్టుకోండి. ఆషాఢ శ్రావణాల్లో చిక్కుడు పాదు పెట్టి పందిరి వేయండి. చలికాలపు పెరట్లో చిక్కుడు పందిరికి సాటి వచ్చేది నాకు ఇంకేదీ కనపడలేదు. నవంబర్ నుంచి పూత, కాయ. రథసప్తమికి సూర్యుడి రథానికి కాయలు, పాయసం పెట్టడానికి ఆకులు మీ పందిరివే అవుతాయి. డిసెంబర్ వచ్చేసరికి లేత తీగలకు పేనుబంక పడుతుంది. అది చూసి అందరికీ టెన్షన్, వెంటనే మందు కొట్టేస్తారు. నేను కొట్టను. ఆ పేనుబంకే కుట్టుపిట్టకు భోజనం. హిమాలయాల వైపు నుంచి వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ అనే బుల్లిపిట్టకు కూడా అంతే. రూపాయి బిళ్లలు రెండు అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువో ఆ పిట్ట అంత ఉంటుంది. చలికాలమంతా ఒక చెట్టో పందిరో తనదిగా చేసుకుని, తన రకానిదే ఇంకొకటి వస్తే తరిమేస్తుంది. దీన్ని కంటితో వెతికితే దొరకదు, ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. చిస్వీ, చిస్వీ అని రెండు ముక్కల్లో పిలుస్తుంది, ఆ పిలుపు పట్టుకుంటే ఆకు కదిలిన చోట కనపడుతుంది.

పేనుబంక మరీ ముదిరిన తీగల్ని నేను పైపు నీళ్లతో గట్టిగా కడుగుతాను. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట, ఆ తీగల మీద మాత్రమే. మందారానికి పిండినల్లి పట్టినా ఇదే. పురుగుమందు కొట్టిన పువ్వు తేనెనే పిట్ట తాగుతుంది, చచ్చిన పురుగునే ఏరుకు తింటుంది. పెరట్లో పిట్టలు కావాలనుకునే ఇంట్లో మందు డబ్బా ఉండకూడదు. ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక చూడటం. మీ అమ్మగారు ఎక్కడ కూర్చుంటారో ముందు నిర్ణయించుకోండి. సూర్యుడు వీపు వెనక ఉండాలి, ఎదురెండలో పిట్ట నల్లగా నీడలా కనపడుతుంది తప్ప రంగు తెలియదు. జనవరిలో మనకు పొద్దు పొడిచేది ఆరూ ముప్పావు దాటాక. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మంచి సమయం. చలికి పిట్టలు కూడా ఎండ తగిలే కొమ్మల మీదికే ముందు వస్తాయి, ఈకలు ఉబ్బించుకుని ఉండచుట్టినట్టు కూర్చుంటాయి. ఏ కొమ్మకు తొలి ఎండ తగులుతుందో చూసి కుర్చీ అటు తిప్పండి. ముదురు రంగు శాలువా కప్పుకుని, కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు. మొదటి పది నిమిషాలు ఏమీ రావు, అక్కడే చాలామంది లేచిపోతారు. బైనాక్యులర్ ఈ ఏడాదికి అక్కర్లేదు, మీ జాగాకు కళ్లు సరిపోతాయి.

చలికాలం తోట నిశ్శబ్దంగా ఉందని మీరు రాశారు. నిజమే, కోకిల ఇప్పుడు కూయదు, పెద్దనల్లంచి పాట కూడా ఎండలు మొదలయ్యాకే. కానీ చెవిపెట్టి వింటే చిన్న చిన్న పిలుపులు ఉంటాయి. గోరింట గుబురు లోపల నుంచి చక్, చక్ అని రెండు గులకరాళ్లు తట్టినట్టు వినిపిస్తే అది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. దాన్ని నేను మొత్తం పది రోజులు విన్న తర్వాత గానీ ఒక్కసారి చూడలేకపోయాను. అన్ని శబ్దాలూ ఒక్కసారిగా ఆగిపోతే తల పైకెత్తండి, జాలెడేగ ఎక్కడో వాలి ఉంటుంది. అది ఒక గువ్వను పట్టుకుపోతే మీ అమ్మగారికి మనసు చివుక్కుమంటుంది. నాకూ ఉంటుంది. అయినా డేగను తరమకండి, దాని తిండి అదే.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది తేనెపిట్ట దగ్గర. మగది నిగనిగలాడే నీలినలుపు కదా, ఇదేమిటి పసుప్పచ్చగా ఉంది అంటారు. మగ తేనెపిట్ట ఈ కాలంలో ఆ మెరుపు ఈకలు వదిలేసి, ఆడదానిలా పైన గోధుమ, కింద పసుపు రంగులోకి మారుతుంది. గుర్తుపట్టాలంటే గొంతు కింద నుంచి పొట్ట మీదికి సిరాతో గీసినట్టు ఒక నల్ల గీత ఉంటుంది, చూడండి. జనవరి నుంచి ఒక్కో మచ్చా నల్లబడుతూ, శివరాత్రి నాటికి మళ్లీ పూర్తిగా మెరిసిపోతుంది. వారానికోసారి గమనించి రాసుకోండి. మా మనవరాలు ఏడేళ్లప్పుడు ఈ మార్పుకు ఎనిమిది బొమ్మలు వేసింది, ఇప్పటికీ నా పుస్తకంలో అతికించి ఉన్నాయి.

మీ మేడ పిట్టగోడ మీద తోక వణికిస్తూ, వంగి వంగి లేచే పిట్ట ఒకటి కనపడొచ్చు. మగదైతే పైన మసినలుపు, పొట్టా తోకా ఇటుకరంగు. ఆంగ్లంలో బ్లాక్ రెడ్‌స్టార్ట్. దీనికి తెలుగులో నూనెబుడ్డిగాడు అని పేరుంది. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఆయన మన పిట్టల పేర్లు చాలా రాసిపెట్టాడు, వాటిలో ఇదొకటి. ఒళ్లంతా దీపపు మసి, కింద దీపపు వెలుగు ఉన్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారేమోనని నాకు అనిపిస్తుంది. ఇలాంటి పేర్లు పోగొట్టుకోకూడదు. మీ అమ్మగారిని వాళ్ల ఊళ్లో ఏ పిట్టను ఏమనేవారో అడగండి, మీరు చెప్పే పేర్ల కంటే ఆవిడకు ఎక్కువ తెలిసి ఉంటాయి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మెడకూ కంటికీ నల్ల పట్టీ, వీపు ఆకుపచ్చ, తోక కింద ఎరుపు, ఇన్ని రంగులున్న పొన్నంగి పిట్ట అనేదుంది. శాస్త్రవేత్తలు ఆ జాతికి పెట్టుకున్న పేరు 'పిట్ట', మన తెలుగు మాటే. రాత్రుళ్లు ప్రయాణం చేసి అలిసిపోయి, ఊళ్ల మధ్య పెరళ్లలో దిగుతుంటుంది. ఒక అక్టోబర్ తెల్లవారుజామున మా కిటికీ అద్దానికి కొట్టుకుని పడింది. అలా పడిన పిట్టకు నోట్లో నీళ్లు పోయకండి. మెత్తటి గుడ్డతో ఎత్తి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచండి. గంటకో రెండు గంటలకో తేరుకుని లోపల కదులుతుంది. పొద దగ్గర పెట్టె తెరిస్తే ఎగిరిపోతుంది. మా దగ్గరిది గంటన్నరకు వెళ్లింది, పెరట్లోనే రెండు రోజులు ఆకులు తిరగేస్తూ తిరిగి, మూడో రోజు కనపడలేదు. తేరుకోకపోతే, రెక్క వేలాడుతుంటే ఇంట్లో ఉంచుకోకుండా అటవీశాఖకు గానీ జంతు సంరక్షణ సంస్థకు గానీ ఫోన్ చేయండి, హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ ఉంది. రామచిలుకైనా సరే, మన అడవి పిట్టల్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మీ అద్దాలకు బయటివైపు నాలుగేసి అంగుళాల ఎడంతో నిలువుగా తాళ్లు వేలాడదీస్తే పిట్టలు కొట్టుకోవడం ఆగుతుంది.

చలికాలంలో నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం మాంజా. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా సంక్రాంతి వెళ్లాక వారాల తరబడి చెట్లకు దారాలు వేలాడుతూనే ఉంటాయి, నైలాన్ కాబట్టి కుళ్లదు. మూడేళ్ల కిందట మా వేపచెట్టులో గువ్వ ఒకటి రెక్కకు దారం చుట్టుకుని తలకిందులుగా వేలాడింది. పక్కింటి అబ్బాయి నిచ్చెన వేసి దించాడు. దారాన్ని లాగకూడదు, లాగితే ఇంకా కోస్తుంది. గుడ్డ కప్పి, రెండు వైపులా కత్తిరించి, చిక్కిన ముక్కను డాక్టరుకే వదిలేయాలి. ఆ గువ్వ బతకలేదు. అప్పటి నుంచి కనుమ మర్నాడు వీధి పిల్లలతో కలిసి వెదురుగడకు కొక్కెం కట్టి చెట్లన్నీ తిరిగి దారాలు లాగి, చుట్టలు చుట్టి, చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేస్తాం. గాలిపటాలు ఎగరేసిన పిల్లలే ఈ పనికి ముందు వస్తారు. మీ కాలనీలో కూడా ఒక్క పూట పెట్టుకోండి, నూలు దారం కొనమని ముందే చెప్పండి.

ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. పెరట్లో పదిహేను నిమిషాలు కూర్చుని కనపడిన పిట్టల పేర్లూ సంఖ్యా ఈబర్డ్ యాప్‌లో ఎక్కించడమే, డబ్బేమీ కట్టక్కర్లేదు. గోరువంకలు మూడు, కాకులు రెండు అని రాసినా లెక్కే. పేర్లు తెలియకపోతే మెర్లిన్ యాప్ పిట్ట గొంతు విని పేరు సూచిస్తుంది. అది చెప్పిందని వెంటనే రాసేయకండి, పిట్టను కంటితో చూశాకే రాయండి. మా పెరట్లో ఒకసారి ఉడుత అరుపుకు కూడా పిట్ట పేరు చెప్పింది.

మొదటి చలికాలం మీకు పది పన్నెండు రకాలు వస్తే చాలా మంచి సంగతి. మాకు మొదటి ఏడు తొమ్మిదే. పావురాలు అలవాటు మానడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోపు ఖాళీ గిన్నె కూడా ఉంచకండి.

మూకుడు ఎక్కడ పెట్టాలో కచ్చితంగా చెప్పాలంటే నాకు రెండు విషయాలు తెలియాలి. ఉదయం తొమ్మిది గంటలకు మీ వెనక జాగాలో ఎండ ఏ గోడ మీద పడుతుంది? పక్కింటివాళ్ల చెట్టు కొమ్మలు ఏవైనా మీ గోడ దాటి వస్తున్నాయా? ఈ రెండూ రాయండి, ఒక ఫొటో ఉంటే ఇంకా మంచిది.